ప్యాచ్ వేసినా పుండు మానట్లేదా? తీసిన ప్యాచ్‌ని ఒకసారి తిప్పి చూడండి

చాలామంది ప్యాచ్ పీకి చూడకుండానే డస్ట్‌బిన్‌లో పడేస్తారు, తర్వాత ఇది పనిచేయట్లేదు అంటారు. అసలు ఏం తేడా కొట్టిందో దాని వెనక వైపే కనిపిస్తుంది, ఎంత తడి పీల్చింది, ఏ రంగు, అంచుల దాకా నానిందా, ఎండిపోయి అట్టలా అయిందా అని. ప్యాచ్ పనల్లా పుండుని సరిపడా తడిగా ఉంచడమే, ఎక్కువైనా ఇబ్బందే, తక్కువైనా ఇబ్బందే. గాలి తగిలి పక్కు కడితేనే మానుతుంది అని మనందరికీ చిన్నప్పట్నుంచీ చెప్పారు కదా, 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసి చూస్తే కప్పి తడిగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు స్పీడ్‌లో వచ్చింది. ఇప్పుడొచ్చే ప్యాచ్‌లకి మూలం అదే.

ప్యాచ్ కింద పసుపు జిగురు, కొంచెం వాసన కూడా

నాకు మడమ మీద షూ ఒరుసుకుని బొబ్బ వచ్చినప్పుడు మొదటిసారి హైడ్రోకొల్లాయిడ్ అనే, తడి పీల్చి జెల్ అయ్యే రకం ప్యాచ్ వేశా. రెండో రోజుకి మధ్యలో తెల్లగా ఉబ్బింది, చీము పట్టేసింది అనుకుని భయపడి పీకేశా, పీకితే కింద శుభ్రంగా గులాబీ రంగు కొత్త చర్మం, దాన్ని కూడా సగం లాగేశా! అది చీము కాదు. ఆ ప్యాచ్‌లో ఉండే జెలటిన్, పెక్టిన్, సెల్యులోజ్ లాంటివి పుండు నుంచి వచ్చే రసిని పీల్చి జెల్ అవుతాయి, దాని రంగూ వాసనా అంతే. ఆ ఉబ్బు అంచు దాకా వచ్చి కారబోతుంటే అప్పుడు మార్చాలి, లేకపోతే మూడు నుంచి ఐదు రోజులు కదిలించక్కర్లేదు.

మరి నిజం చీము అని ఎలా తెలుస్తుంది? సెలైన్‌తో, అంటే గాయాలు కడిగే శుభ్రమైన ఉప్పునీటితో కడిగి చూడండి. కడిగాక కూడా కంపు పోకపోయినా, చుట్టూ ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, వేడిగా ఉండి నొప్పి పెరుగుతున్నా అది ఇన్ఫెక్షన్. దాని మీద గాలాడని ప్యాచ్ వేసి మూసెయ్యొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. జ్వరం వచ్చినా, ఎర్రటి గీతలు పైకి పాకుతున్నా రేపటిదాకా ఆగొద్దు. వెండి కలిపిన సిల్వర్ ప్యాచ్‌లు ఉన్నాయి కదా అంటారు, అవి క్రిముల్ని తగ్గించడానికి కొన్నాళ్ళు వాడేవి, మామూలు గాయానికి నెలల తరబడి వేసుకునేవి కావు.

చుట్టూ చర్మం తెల్లగా ముడతలు పడింది

ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. చాలాసేపు నీళ్ళలో నానితే వేళ్ళు ఎలా అవుతాయో అలా అన్నమాట. కారణం సింపుల్, పుండు కార్చే రసి ఎక్కువ, ప్యాచ్ పీల్చగలిగేది తక్కువ, మిగిలిందంతా పక్క చర్మం మీద నిలబడి నానబెడుతుంది, నానిన చర్మం ఊడొస్తుంది, అలా పుండు పెరుగుతుంది, మనమేమో ఇంకో ప్యాచ్ వేసి ఇంకా గట్టిగా మూసేస్తాం. ముందు తొందరగా మార్చి చూడండి, రెండ్రోజులకోసారి మార్చేది రోజూ మార్చాల్సి వస్తోందంటే ఆ రకం సరిపోవట్లేదు అని అర్థం. స్పాంజిలా ఉండే ఫోమ్ ప్యాచ్‌కి మారండి, ఇంకా ఎక్కువ కారుతుంటే ఆల్జినేట్, ఇది సముద్రపు నాచు నుంచి చేస్తారు, దూదిలా ఉంటుంది, తడి తగిలితే జెల్ అవుతుంది, పైన ఇంకోటి కప్పాలి. చుట్టూ ఉన్న మంచి చర్మానికి బ్యారియర్ ఫిల్మ్ (చర్మం మీద పల్చటి పొరలా ఆరే పూత) రాస్తే ఆ తడి అంటదు.

తీస్తుంటే అతుక్కుపోయి రక్తం వస్తోంది

ఇది రివర్స్ కేసు, పుండు ఎండిపోయింది. ఆల్జినేట్, ఫోమ్ లాంటివి ఎండు పుండు మీద వేస్తే కరుచుకుంటాయి, గాజుగుడ్డ అయితే చెప్పక్కర్లేదు. లాగొద్దు. సెలైన్‌తో తడిపి కొన్ని నిమిషాలు ఆగండి, అదే వదులుతుంది. తర్వాత నుంచి హైడ్రోజెల్ వేసి చూడండి, అది తడి ఇచ్చే రకం. ముసలివాళ్ళ పల్చటి చర్మానికైతే సిలికాన్ జిగురు ఉన్నవే వాడండి. తీసేటప్పుడు పైకి ఎత్తి లాగకుండా, ఒక చేత్తో చర్మాన్ని అదిమి పట్టుకుని, ప్యాచ్‌ని చర్మానికి ఆనించి వెనక్కి మెల్లగా మడుస్తూ తీయాలి.

అంచులు లేచిపోతున్నాయి

చర్మం మీద క్రీమో నూనో చెమటో ఉంది. కడిగి, పూర్తిగా ఆరాక, పుండు దాటి అన్ని వైపులా రెండు మూడు సెంటీమీటర్లు వచ్చేలా వేసి, అరచేత్తో కాసేపు నొక్కి పెట్టండి, వేడికి జిగురు పడుతుంది. కత్తిరిస్తే మూలలు గుండ్రంగా కత్తిరించండి.

ప్యాచ్ ఆకారంలోనే ఎర్రగా, దురద

గీత గీసినట్టు ప్యాచ్ ఎంతవరకు ఉందో అంతవరకే ఎరుపు ఉంటే ఆ జిగురు మీ ఒంటికి పడట్లేదు అనుకోవాలి. తీసేసి సిలికాన్ రకం ట్రై చేయండి, బొబ్బలు వస్తే మాత్రం చూపించుకోండి.

అన్నీ సరిగ్గానే చేస్తున్నా తగ్గట్లేదు

అయితే తప్పు ప్యాచ్‌ది కాకపోవచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోస్తున్నారా? నురగ వస్తుంటే క్లీన్ అవుతోంది అనిపిస్తుంది గానీ కొత్తగా వచ్చే కణాలు కూడా దెబ్బతింటాయి, ఆపేయండి. అది కాకపోతే షుగర్, కాలికి రక్తం సరిగా అందకపోవడం, సిగరెట్, తిండిలో ప్రోటీన్ చాలకపోవడం, ఇవి చూసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళకి అరికాలి పుండు మీద ఎంత ఖరీదైన ప్యాచ్ వేసినా, దాని మీదే బరువు పెట్టి నడుస్తుంటే మానదు, ఆ చోట బరువు తీసేయడమే అసలు వైద్యం. పెద్ద, లోతు పుండ్లకి ఫోమ్ పెట్టి సీల్ చేసి పంపుతో గాలి లాగే వ్యాక్యూమ్ పద్ధతి ఉంది, అది డాక్టర్ చెప్తేనే. ఇక పుండు వేడి కనిపెట్టి కరెంట్ ఇచ్చే స్మార్ట్ ప్యాచ్ అని వీడియోల్లో చూసి అడుగుతుంటారు, అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 2022లో చూపించింది ఎలుకల మీద, కాబట్టి దానికోసం కూర్చోకండి.

వారానికోసారి పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. షుగర్ వాళ్ళ కాలి పుండు నాలుగు వారాలకి కనీసం సగానికి తగ్గాలి, తగ్గకపోతే ప్యాచ్ బ్రాండ్లు మారుస్తూ ఇంకో నెల పోగొట్టుకోకుండా ఆ ఫోటోలన్నీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.