బిందె బొమ్మ ఎందుకు సాగిపోయేదంటే

బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) మొదటి సంవత్సరం స్టిల్ లైఫ్ క్లాసులో, అంటే ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి గీసే క్లాసులో, రెండు వారాలు నాకు ఒకటే టెన్షన్. ఇత్తడి బిందె ఎన్నిసార్లు గీసినా పొడుగ్గా సాగిపోయేది, మూతి చివర్లు బాదం గింజలా మొనదేలేవి. హెచ్‌బీ పెన్సిల్ పక్కనపెట్టి ఇంకా మెత్తటి 6బీ కొన్నాను, ఏమీ మారలేదు. అసలు సంగతి కాగితం పెట్టుకునే బోర్డు. ఒళ్లో పడుకోబెట్టి గీస్తే కాగితం పైభాగం కంటికి దూరమై కురచగా కనిపిస్తుంది, దాన్ని సరిచేయబోయి తెలియకుండానే బొమ్మను సాగదీస్తాం. ఈజిల్ (బోర్డు నిలబెట్టే స్టాండు) మీద చూపుకి ఎదురుగా నిలబెట్టాక సగం బాధ పోయింది.

మిగతాది కొలతలది. చెయ్యి పూర్తిగా చాచి (మోచెయ్యి వంగితే కొలత మారిపోతుంది, చాలామంది మర్చిపోయేది ఇదే), ఒక కన్ను మూసి, బిందె వెడల్పును పెన్సిల్ మీద బొటనవేలితో గుర్తుపెట్టుకుని, అది ఎత్తులో ఎన్నిసార్లు పడుతుందో చూశాను. ఒకటింపావు. నేను గీసింది రెండుకు దగ్గర! మూతి కోసం మొదట నిలువు గీత, అడ్డగీత వేసుకుని చివర్లను గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాను. కంటి మట్టం నుంచి కిందికి వెళ్లేకొద్దీ ఈ గుండ్రం విచ్చుకుంటుంది, అందుకే బిందె అడుగు మూతికంటే ఎక్కువ వంపు తిరగాలి, నేనేమో అక్కడ తిన్నగా గీత కొట్టేసేవాణ్ణి. షేడింగ్ జోలికి మాత్రం ఇవన్నీ కుదిరాకే వెళ్లండి.