ఔట్‌డోర్ లీడర్‌షిప్ డిగ్రీ: కాలేజీ ఎంపిక నుంచి లాగ్‌బుక్ దాకా

ఔట్‌డోర్ లీడర్‌షిప్ డిగ్రీ అనగానే కొండలెక్కడం, తాళ్లతో దిగడం, కయాక్ నడపడం నేర్పుతారనుకుంటారు. నేర్పుతారు కూడా. అయితే అవి వారాంతపు కోర్సుల్లోనూ వస్తాయి. డిగ్రీ చదివితే రావాల్సింది వేరే ఉంది: పదిమందిని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు, మబ్బు కమ్ముకొస్తుంటే ముందుకు సాగాలా, వెనక్కి తిరగాలా అన్నది సకాలంలో తేల్చుకోగలగడం. పుస్తకం చదివితే ఇది రాదు. ఒంటరిగా ఎన్ని కొండలు తిరిగినా రాదు. బాధ్యత మీ మీద పెట్టి, అనుభవమున్న వాళ్లు పక్కనుండి గమనించి, సాయంత్రం మీ నిర్ణయాలను మీతోనే విప్పించి చూపించాలి. కాలేజీని ఎంచుకునేటప్పుడైనా, చేరాక చదివేటప్పుడైనా ఈ ఒక్క విషయాన్నే కొలబద్దగా పెట్టుకోండి.

చేరేముందు అడగాల్సినవి

కరపత్రంలోని ఫొటోలు చూసి చేరవద్దు. కోర్సు మొత్తంలో ఫీల్డులో గడిపే రోజులెన్నో అడగండి. వాటిలో ఎన్ని రోజులు విద్యార్థే లీడరుగా ఉంటాడో కూడా విడిగా అడగండి. మొదటి సంఖ్య పెద్దదిగా ఉండి రెండోది చిన్నదైతే మీరు నేర్చుకునేది వెంట నడవడమే. విడివిడి వారాంతాల కన్నా ఏకబిగిన రెండు మూడు వారాలు బయట ఉండే ట్రిప్పులున్న కోర్సు మేలు. మొదటి రెండు రోజులు అందరూ మర్యాదగానే ఉంటారు. అలసట, పాత్రలు ఎవరు తోమాలన్న గొడవ, నడవలేకపోతున్నవాడి మొండితనం సాధారణంగా ఆ తర్వాతే బయటపడతాయి. నడిపించాల్సింది ఆ గుంపునే.

ఈ ఆలోచన పాతదే. విద్యావేత్త కర్ట్ హాన్ తదితరులు 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీలో మొదలుపెట్టిన ఔట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణ సంస్థ కూడా కష్టమైన ప్రయాణాన్నే బడిగా చేసుకుంది. అమెరికాలోని ఔట్‌వర్డ్ బౌండ్‌లో పనిచేసిన అనుభవంతో పర్వతారోహకుడు పాల్ పెట్‌జోల్ట్ 1965లో అక్కడి వయోమింగ్‌లో నోల్స్‌ను (నేషనల్ ఔట్‌డోర్ లీడర్‌షిప్ స్కూల్) స్థాపించారు. నడిపించేవాళ్లను తయారుచేయడం దాని ఉద్దేశం.

ప్రమాదం తృటిలో తప్పిపోయిన సంఘటనలను ఎలా నమోదు చేస్తారో కూడా అడగండి. "మా దగ్గర ఇప్పటిదాకా అలాంటివేమీ జరగలేదు" అన్నారంటే రాసుకోవడం లేదని అర్థం. ఫీజులో పరికరాలు, సర్టిఫికెట్ పరీక్షలు కలిసి ఉన్నాయో లేదో కూడా తేల్చుకోండి. బూట్లు, వాన కోటు, స్లీపింగ్ బ్యాగు చాలాచోట్ల విద్యార్థే తెచ్చుకోవాలి.

మొదటి ఏడాది మ్యాపుతోనే గడపండి

జీపీఎస్ ఉందికదా అని మ్యాపును పక్కన పెట్టేవాళ్లు రెండో ఏడాదిలో తడబడతారు. 1:25,000 మ్యాపులో 4 సెంటీమీటర్లంటే నేలమీద ఒక కిలోమీటరు. కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, దూరంగా ఉంటే మెల్లని వాలు. ఇంతవరకు అందరికీ తెలుసు. మ్యాపులో చూసిన ఆకారాన్ని ఎదురుగా ఉన్న కొండలో గుర్తుపట్టడం దగ్గరే చిక్కంతా. రోజూ పది నిమిషాలు ఒక చోట నిలబడి, ముందు నేలను చూసి కాంటూర్లు ఎలా ఉంటాయో గీయండి, తర్వాతే మ్యాపు తెరిచి పోల్చుకోండి.

కంపాస్‌తో జరిగే తప్పులు రెండే రెండు మళ్లీమళ్లీ కనిపిస్తాయి. ఒకటి, అయస్కాంత ఉత్తరానికీ మ్యాపు ఉత్తరానికీ మధ్య ఉన్న తేడాను కలపాల్సిన చోట తీసేయడం, లేదా అసలు మరచిపోవడం. దిశ 10 డిగ్రీలు తప్పితే కిలోమీటరు నడిచేసరికి దాదాపు 175 మీటర్లు పక్కకు పోతారు. పొగమంచులో అంత తేడా చాలు, వంతెన కనబడకుండా పోవడానికి. రెండోది, జేబులో ఫోను పెట్టుకుని కంపాస్‌ను గుండెకు ఆనించి చదవడం. ఫోన్‌లోని అయస్కాంతాలు ముల్లును పక్కకు లాగేస్తాయి.

సమయం లెక్కకు 1892 నాటి నేస్మిత్ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. కానీ అది చురుగ్గా నడిచేవాళ్ల లెక్క. మూటలు మోసే కొత్తవాళ్లకు గంటకు 4 కిలోమీటర్లే వేయండి. 12 కిలోమీటర్ల దూరం, 600 మీటర్ల ఎక్కుడు ఉందనుకోండి. నడకకు 3 గంటలు, ఎక్కుడుకు 1 గంట, గంటకు పది నిమిషాల చొప్పున విశ్రాంతికి 40 నిమిషాలు. మొత్తం 4 గంటల 40 నిమిషాలు. సూర్యాస్తమయం 5:30కి అయితే టెంట్లు వేయడానికి, వంటకు గంటన్నర తీసేసి 4 గంటలకల్లా చేరాలి. అంటే 11:20 దాటితే బయలుదేరకూడదు. కొత్త లీడర్లు 11 గంటలకు బయలుదేరి "ఇరవై నిమిషాలు చేతిలో ఉన్నాయి" అనుకుంటారు. వాగు దాటేముందు ఒకరు బూట్లు విప్పి మళ్లీ కట్టుకునేసరికి ఆ ఇరవై నిమిషాలూ అయిపోతాయి.

ప్రథమ చికిత్స: ఏ కోర్సు, ఎప్పుడు

ఆసుపత్రి చాలా దూరంలో ఉన్నప్పుడు చేయాల్సిన చికిత్సకు వేరే శిక్షణలున్నాయి. 16 గంటల వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ ప్రాథమికం. గుంపును నడిపేవాళ్లకు కావాల్సింది దాదాపు 70 నుంచి 80 గంటల వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్. రెండో ఏడాది చివర్లో చేయండి. మరీ ముందే చేస్తే ఉద్యోగానికి వెళ్లే వేళకు గడువు తీరిపోతుంది.

ఇందులో కట్లు కట్టడం కన్నా క్రమం పాటించడం కష్టం. ముందు చోటు క్షేమమో కాదో చూడాలి. తర్వాత ప్రాణాపాయం: శ్వాసదారి, ఊపిరి, రక్తస్రావం, వెన్నెముక. అవి చూశాకే తల నుంచి కాలి దాకా తడిమి చూడటం, నాడి, ఊపిరి లెక్క. కొత్తవాళ్లు కళ్లకు కనబడే గాయం మీద పడిపోతారు. మోకాలి మీద రక్తం తుడుస్తూ, తల దెబ్బతో మనిషి మాట తడబడుతున్న సంగతి గమనించరు. చూసినదంతా టైము వేసి రాయండి. పరిస్థితి నిలకడగా ఉంటే పావుగంటకోసారి, లేకపోతే ఐదు నిమిషాలకోసారి మళ్లీ చూసి రాయండి. కాపాడటానికి వచ్చేవాళ్లకు ఒక్క కొలత కన్నా అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే ఎక్కువ ఉపయోగం.

మీ వంతు వచ్చిన రోజు

ముందురాత్రే మార్గం, వెనక్కి తిరగాల్సిన సమయం, వాన వస్తే మారు దారి కాగితం మీద రాసి బోధకుడికి చూపించండి. పొద్దున ఐదు నిమిషాల్లో చెప్పేయండి: ఎక్కడికి, ఎంతసేపు, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ముందెవరు, చివరెవరు. నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టండి, చివరకు నెట్టేస్తే వాళ్లకు విశ్రాంతే దొరకదు. వాళ్లు అందుకునేసరికి మిగతావాళ్లు లేచి నిలబడతారు. బయలుదేరిన అరగంటకు ఒకసారి ఆగి, పాదాల్లో ఎక్కడైనా మంటగా ఉందా అని ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడగండి. గుంపునంతా కలిపి అడిగితే ఎవరూ నోరు తెరవరు. అప్పుడే టేపు వేస్తే బొబ్బ రాదు. మధ్యాహ్నానికి వచ్చాక వేస్తే వచ్చేది కుంటినడకే.

శిఖరం దగ్గరపడేకొద్దీ లెక్క తప్పుతుంది. "ఇంత దూరం వచ్చాం కదా" అన్న మాట వినబడగానే గడియారం చూడండి. ఎంత నడిచామన్నది ముఖ్యం కాదు, వెనక్కి తిరగాల్సిన సమయం దాటిందా లేదా అన్నదే చూడాలి.

సాయంత్రం సమీక్షలో "బాగా చేశావు" అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఫలానా మలుపు దగ్గర ఏం తెలుసు, ఏం తెలియదు, ఇంకే దారులున్నాయి, ఎందుకిది ఎంచుకున్నావు అని అడిగించుకోండి. ఫలితం మంచిదైనంత మాత్రాన నిర్ణయం మంచిది కాదు. మెరుపుల మధ్య గట్టు దాటి ఏమీ కాలేదంటే అది అదృష్టం. దాన్నే నైపుణ్యమనుకుంటే మళ్లీ అదే చేస్తారు.

లాగ్‌బుక్

ట్రిప్పు ముగిసిన రెండు రోజుల్లోపే రాయండి. తేదీ, ప్రదేశం, దూరం, ఎక్కుడు, వాతావరణం, ఎంతమంది, మీ పాత్ర. లీడరా, సహాయకుడా, సభ్యుడా అన్నది స్పష్టంగా ఉండాలి. ఉద్యోగమిచ్చేవాళ్లు మొదట చూసేది దాన్నే. చివర రెండు మూడు వాక్యాల్లో ఆ రోజు తీసుకున్న అతి కష్టమైన నిర్ణయం రాయండి. వెనక్కి తిరిగిన ట్రిప్పులను దాచకండి, కారణంతో సహా రాయండి. పక్కన సర్టిఫికెట్ల పట్టిక ఒకటి పెట్టుకుని, ప్రతిదానికీ గడువు తేదీ వేసుకోండి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్ మామూలుగా రెండు మూడేళ్లకే ముగుస్తుంది. పనుల సీజను మధ్యలో తీరిపోయేలా ఉంటే, తిరిగి చేయించుకునే కోర్సులో సీటు సీజను మొదలవకముందే తీసుకోండి.