అలాస్కా చమురు డివిడెండ్‌కు దరఖాస్తు ఎలా చేసుకోవాలి?

చమురు ఆదాయంలో కొంత దాచిపెట్టేందుకు అమెరికా రాష్ట్రమైన అలాస్కా 1976లో శాశ్వత నిధి ఏర్పాటు చేసింది. 1982 నుంచి ఏటా నివాసులకు అందులోంచి డివిడెండ్, అంటే వాటా సొమ్ము, ఇస్తోంది. 2022లో మనిషికి 3,284 డాలర్లు వస్తే 2025లో 1,000 మాత్రమే వచ్చాయి. ఆదాయ పరిమితి లేదు, పసిబిడ్డకూ పెద్దలతో సమానమే. కానీ దానంతట అది రాదు, ఏటా కొత్తగా దరఖాస్తు పెట్టాల్సిందే. గడువు జనవరి 1 నుంచి మార్చి 31 వరకు.

ఎక్కువమంది తడబడేది అర్హత సంవత్సరం దగ్గరే. దరఖాస్తుకు ముందటి క్యాలెండర్ ఏడాది మొత్తం మీరు అలాస్కా నివాసిగా ఉండాలి. 2024 డిసెంబరులో స్థిరపడినవారు 2026లో అడగవచ్చు. నెల ఆలస్యంగా, 2025 జనవరి మధ్యలో వచ్చినవారు 2027 దాకా ఆగాలి. అక్కడే ఉండిపోయే ఉద్దేశం కూడా ఉండాలి. వేరే రాష్ట్రంలో ఓటు నమోదు చేసుకున్నా, ఆ రాష్ట్ర నివాసిగా ఏదైనా లబ్ధి పొందినా అర్హత పోతుంది.

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, శరణార్థులు, ఆశ్రయం పొందినవారు అర్హులు. హెచ్‌1బి మీద ఎన్నేళ్లున్నా సరిపోదు.

రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని మై అలాస్కా ఖాతాతో ఆన్‌లైన్‌లో నింపడం తేలిక. చివర ఎలక్ట్రానిక్ సంతకం చేశాక నిర్ధారణ పేజీ వస్తుంది. అది రాలేదంటే దరఖాస్తు చేరలేదన్నమాటే. వస్తే వెంటనే దాచుకోండి. కాగితం ఫారమైతే మార్చి 31లోపు తపాలా ముద్ర పడాలి. పిల్లలకు విడివిడిగా, అర్హత ఉన్న పెద్దవారు దరఖాస్తు చేయాలి. తొలిసారైతే జనన ధ్రువపత్రం జతచేయాలి.

పౌరసత్వం గడి జాగ్రత్తగా చూసి నింపండి. ఈ దరఖాస్తుకు ఓటరు నమోదుతో ముడి ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారు పొరపాటున పౌరులమని గుర్తు పెడితే ఓటరు జాబితాలో పేరు చేరి, రేపు పౌరసత్వం అడిగేటప్పుడు పెద్ద చిక్కే వస్తుంది.

అమ్మానాన్నల దగ్గరికి ఇండియా వెళ్లి నెలల తరబడి ఉండేవారు రోజులు లెక్కపెట్టుకోవాలి. ఏడాదిలో అలాస్కా బయట గడిపినవి మొత్తం 90 రోజులు దాటితే ఆ వివరం దరఖాస్తులో చెప్పాలి. 180 దాటితే పూర్తికాల చదువు, వైద్యుడు సూచించిన చికిత్స, చివరి దశలో ఉన్న కుటుంబ సభ్యుల సంరక్షణ వంటి చట్టం ఒప్పుకునే కారణం కావాలి. మామూలు ఉద్యోగం ఆ జాబితాలో లేదు. విమాన టికెట్లు, బోర్డింగ్ పాసులు పారేయకండి.

సొమ్ము అక్టోబరు నుంచి జమవుతుంది. దానిపై ఫెడరల్ ఆదాయపు పన్ను ఉంటుంది. తిరస్కరిస్తే 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. పిల్లలుగా ఉన్నప్పుడు పెద్దలు దరఖాస్తు చేయక పోగొట్టుకున్న డివిడెండ్లను 18 ఏళ్లు నిండాక, 20 ఏళ్లు రాకముందే అడిగి తీసుకునే వీలుంది.