ఇస్లామీయ ప్రైవేటు పాఠశాలకు విరాళాలు: నమ్మకం నిలిచేలా సేకరించే పద్ధతి

ఇస్లామీయ ప్రైవేటు పాఠశాలల్లో చాలావాటికి ఫీజులతోనే ఖర్చులు వెళ్లవు. జీతాలు, పేద పిల్లల ఫీజు రాయితీలు, భవనం మరమ్మతుల వల్ల ఏర్పడే లోటును దాతలే పూడుస్తారు. పాఠశాలకు మంచి పేరు పరీక్షా ఫలితాల వల్ల కొంత వస్తుంది గానీ, ఇచ్చిన సొమ్ము ఇచ్చిన పనికే చేరుతుందన్న నమ్మకం వల్లే అది నిలుస్తుంది. అందుచేత కమిటీ చందాలకు బయలుదేరే ముందే తన పద్దులను చక్కబెట్టుకోవాలి.

మొదట జకాత్‌ను, అంటే స్తోమత ఉన్న ముస్లిం తన సంపద నుంచి ఏటా తప్పనిసరిగా తీయాల్సిన దానాన్ని, వేరు చేయండి. అది ఎవరికి చెందాలో ఖుర్‌ఆన్‌లోని తౌబా సూరా (అధ్యాయం) 60వ ఆయతు (వాక్యం) ఎనిమిది వర్గాలుగా నిర్దేశించింది. పేదలు, రుణగ్రస్తులు, బాటసారులు వాటిలో ఉన్నారు గానీ పాఠశాల ప్రస్తావన లేదు. 'అల్లాహ్ మార్గంలో' అన్న వర్గాన్ని విశాలంగా అన్వయించి విద్యకు అనుమతించే పండితులు ఉన్నారు. హనఫీ ఫిఖహ్ (ఇస్లామీయ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) ప్రకారం మాత్రం జకాత్ అర్హుడైన వ్యక్తికి సొంతమయ్యేలా అందాలి కనుక, గోడలకూ జీతాలకూ అది చెల్లదు. మీ పాఠశాల ఏ అభిప్రాయాన్ని అనుసరిస్తుందో పండితుడి చేత రాయించుకొని, చందా అడిగేటప్పుడే దాతకు చూపించండి. పేద విద్యార్థి తండ్రికి జకాత్ అందజేసి, ఆయన చేతనే ఫీజు కట్టించే పద్ధతి ఒకటి ఉంది. ఆ సొమ్మును మరో అవసరానికి వాడుకునే స్వేచ్ఛ ఆయనకు నిజంగా లేకపోతే, అది సంతకాల తంతుగానే మిగులుతుంది.

రసీదు మీద 'విరాళం' అన్న ఒక్క మాట చాలదు. జకాత్, సదఖా (ఐచ్ఛిక దానం), వక్ఫ్ (ధర్మకార్యానికి శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తి), భవన నిధి అని విడివిడిగా గడులు ఉంచి, దాత చేతనే టిక్కు పెట్టించండి. జకాత్‌కు బ్యాంకులో ప్రత్యేక ఖాతా ఉండాలి. నెలాఖరులో జీతాలకు డబ్బు తక్కువైనప్పుడు, తరువాత సర్దుదామని ఆ ఖాతాలో చేయి పెట్టడం మంచి ఉద్దేశంతో మొదలైనా, పేరు పోయేది అక్కడే.

వక్ఫ్‌గా వచ్చిన ఆస్తి సంగతి వేరు. హజ్రత్ ఉమర్ (దైవప్రవక్త సహచరుడు) ఖైబర్‌లో తనకు దక్కిన భూమి విషయంలో దైవప్రవక్త సలహా అడిగినప్పుడు ఏర్పడిన నియమమే దానికి ఆధారం: మూలం అమ్మకానికీ, బహుమానానికీ, వారసత్వానికీ పోదు, ఫలసాయం మాత్రమే దానమవుతుంది. కనుక అద్దెను ఖర్చు పెట్టండి, ఆస్తిని ముట్టకండి.

పెద్ద దాతల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పిల్లల చేరికలోనూ, నియామకాల్లోనూ, పాఠ్యాంశాల్లోనూ దాతకు అధికారం ఉండదని సొమ్ము తీసుకోకముందే కాగితం మీద పెట్టాలి. సంపాదన ధర్మమైనదేనా అన్న అనుమానం ఉంటే ఆ మొత్తాన్ని మర్యాదగా నిరాకరించడమే క్షేమం. బహిరంగంగా ఇవ్వడం మంచిదేననీ, గుప్తంగా పేదలకు ఇవ్వడం మరింత మేలనీ బఖరా సూరా 271వ ఆయతు చెబుతోంది; కాబట్టి పేరు ప్రకటించాలా వద్దా అని ప్రతి దాతనూ అడగండి. సహాయం పొందిన పిల్లల పేర్లూ ఫొటోలూ మాత్రం ఎప్పుడూ బయట పెట్టకండి; దాత కోరినా సరే.

చాలామంది రంజాన్‌లోనే జకాత్ తీస్తారు గనుక, ఆడిట్ చేయించిన లెక్కలు అంతకు ముందు నెల షాబాన్‌లోనే వారికి అందాలి. తలపెట్టిన గది కట్టలేకపోయినా, సొమ్ము మిగిలిపోయినా ఆ సంగతి అదే నివేదికలో రాసి, దానిని వేరే పనికి మళ్లించాలా, తిరిగి ఇవ్వాలా అని దాతనే అడగండి.