ఆటోమేటిక్ మస్టాంగ్‌ని గేర్ల కారుగా మార్చడం ఎలా?

డల్లాస్ దగ్గర మా గరాజ్‌లో ఇప్పటికి నాలుగు పాత మస్టాంగ్‌లకు ఆటోమేటిక్ దించి గేర్‌బాక్స్ ఎక్కించాను. ఒకటి నాది, మూడు స్నేహితులవి. ఇవి కాక, వేరేచోట చేయించుకుని "ఏదో సౌండ్ వస్తోందన్నా, ఒకసారి చూడవా" అంటూ నా దగ్గరికి తెచ్చినవి ఇంకో ఐదారు. వాటన్నిటికీ రోగం ఒకటే. అందుకే మిగతా పనంతా గబగబా చెప్పేసి ఆ ఒక్కచోట ఆగుతాను. అక్కడ విసుగొచ్చినా దాటేయకండి.

ఏ కారు, ఏ గేర్‌బాక్స్?

నేను చెప్పేది 1965, 66 మస్టాంగ్ గురించి. 289 వీ8 ఇంజన్, దాని వెనక మూడు గేర్ల సి-4 ఆటోమేటిక్. దాని స్థానంలో 1985 నుంచి 93 దాకా మస్టాంగ్ 5.0లో వచ్చిన ఐదు గేర్ల టి-5 పెడతాం. ఆ కాలపు నాలుగు గేర్ల టాప్‌లోడరే పెట్టాలని పట్టుబట్టేవాళ్లున్నారు. పెట్టుకోండి, కానీ దానికి ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్‌ని నెమ్మదిగా తిప్పే పై గేరు) లేదు. 70 మైళ్ల వేగంలో గంటసేపు ఇంజన్ అరుపులు విన్నాక మీరే నా దారికొస్తారు. టి-5లో ఐదో గేరు 0.68, అంటే డ్రైవ్‌షాఫ్టు ఒక చుట్టు తిరిగేసరికి ఇంజన్ 0.68 చుట్టే తిరుగుతుంది. పైగా బరువు 75 పౌండ్ల దగ్గర ఉంటుంది కాబట్టి జాక్ లేకపోయినా ఇద్దరు కలిసి ఎత్తేయొచ్చు. నాలుగు సిలిండర్ల కార్ల టి-5 చవగ్గా దొరుకుతుంది, దాని జోలికి పోవద్దు. మొదటి గేరు మరీ పొట్టి, సిగ్నల్ దాటేలోపే అయిపోతుంది.

కొనేముందు మీ ఇంజన్ వెనక బోల్టులు లెక్కపెట్టండి. 1964 ఆగస్టుకు ముందు తయారైన వీ8లకు బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే గంట ఆకారపు డొప్ప) బోల్టులు ఐదు, ఆ తర్వాతివాటికి ఆరు. ఆరుంటేనే 5.0 బెల్ హౌసింగ్ నేరుగా కూర్చుంటుంది.

సామాన్లు: గేర్‌బాక్స్, దానితోపాటు వచ్చిన బెల్ హౌసింగ్, ఇంజన్‌కీ దానికీ మధ్య ఉండే బ్లాక్ ప్లేటు, ఫ్లైవీల్, క్లచ్ సెట్టు, పైలట్ బుష్ (గేర్‌బాక్స్ షాఫ్టు ముందు కొసని పట్టుకునే చిన్న రింగు), ఫోర్కు, క్లచ్ కేబుల్, క్లచ్ పెడల్ ఉన్న పెడల్ సెట్టు, టి-5కి సరిపడే క్రాస్‌మెంబర్. ఇంకా, అయస్కాంతం స్టాండున్న డయల్ గేజ్, అంటే వెంట్రుకవాసి తేడాని కూడా చూపించే కొలత పరికరం. డయల్ గేజ్ కొనడానికి చెయ్యి రాకపోతే అసలు ఈ పనే పెట్టుకోవద్దు.

దించడం

బ్యాటరీ వైరు తీసి, కారుని నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, డ్రైవ్‌షాఫ్టు లాగేసి, ఆయిల్ కూలర్ పైపులు, కిక్‌డౌన్ రాడ్డు విప్పండి. కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ పని చేసే ఆయిల్ డబ్బా) నట్లు విప్పి సి-4ని కన్వర్టర్‌తో సహా దించండి. ఒక శనివారం ఉదయం పని. సి-4కి ఇంజన్ నుంచి ఒక సన్నటి వ్యాక్యూమ్ పైపు వస్తుంది. మ్యానిఫోల్డ్ దగ్గర దానికి రబ్బరు మూత పెట్టడం మర్చిపోతే ఐడిలింగ్ కుదరదు. ఆ తర్వాత వారం రోజులు కార్బురేటర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

పెడల్ సెట్టు మార్చాలంటే డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకోవాలి. నడుం పట్టేస్తుంది, అంతే. బయట ఉన్నప్పుడే పాత బుష్‌లు తీసేసి బేరింగులు వేయించండి. క్లచ్‌కి కేబులే పెట్టండి. హైడ్రాలిక్ మెత్తగా ఉంటుందంటారు, నిజమే. కానీ బెల్ హౌసింగ్ లోపల కూర్చునే రకం ఒక్క చుక్క కారిందంటే మళ్లీ గేర్‌బాక్స్ మొత్తం దించాల్సిందే.

ఫ్లైవీల్, పైలట్ బుష్

ఇంజన్ వణక్కుండా ఫ్లైవీల్‌కి ఒకవైపు కావాలనే ఎక్కువ బరువు పెడతారు. 289 ఇంజన్ బ్యాలెన్స్ 28 ఔన్సులది. 5.0 ఇంజన్‌ది 50. గేర్‌బాక్స్‌తోపాటు ఫ్లైవీల్ కూడా ఫ్రీగా వచ్చిందని నా మొదటి కారుకి అదే బిగించాను. ఐడిలింగ్‌లో ఏం తేడా లేదు, రేజ్ చేస్తే మాత్రం అద్దంలో వెనకున్న కార్లు రెండుగా కనిపించాయి. టైర్లు బ్యాలెన్స్ చేయించాను, డ్రైవ్‌షాఫ్టు బ్యాలెన్స్ చేయించాను. చివరికి అంతా దించి 28 ఔన్సులది కొన్నాను. బోల్టులు 75 నుంచి 85 ఫుట్-పౌండ్లు.

ఆటోమేటిక్ కారులో పైలట్ బుష్ ఉండదు, దాని అవసరం లేదు కాబట్టి. మీరే కొత్తది క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టు) చివర మెల్లగా తట్టి కూర్చోబెట్టాలి. కంచుదే వేయండి. రోలర్ బేరింగ్ పాడైతే షాఫ్టు కొసని కూడా తినేస్తుంది.

ఇక్కడ ఆగండి

ఆటోమేటిక్‌లో ఇంజన్‌కీ కన్వర్టర్‌కీ మధ్య పల్చటి ఫ్లెక్స్ ప్లేటు ఉంటుంది. కాస్త వంగుతుంది, కాబట్టి వెనకున్నది వెంట్రుకవాసి పక్కకున్నా సర్దుకుపోతుంది. గేర్‌బాక్స్‌లో అలా సర్దుకునేది ఏదీ లేదు. ఇన్‌పుట్ షాఫ్టు ముందు కొస పైలట్ బుష్‌లో, వెనక భాగం గేర్‌బాక్స్ బేరింగ్‌లో ఉంటాయి. గేర్‌బాక్స్ ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేది బెల్ హౌసింగ్ వెనకున్న గుండ్రటి రంధ్రం. ఆ రంధ్రం క్రాంక్‌కి సరిగ్గా ఎదురుగా లేకపోతే షాఫ్టు తిరిగిన ప్రతిసారీ నలుగుతుంది. గేర్లు పట్టుపట్టడం, నడుస్తుండగా గేరు ఊడిపోవడం, ముందు బేరింగ్ గీపెట్టడం, అన్నీ ఇందులోంచే. జనం మాత్రం టి-5 బలహీనం అంటారు.

"రెండూ ఫోర్డువే కదన్నా, ఎందుకు కుదరదు?" అని అడుగుతారు. మీ బ్లాకు 60 ఏళ్ల కిందటిది, బెల్ హౌసింగ్ ఇంకో కారుది. రెండూ ఫోర్డువే, కానీ ఒకదాని ముఖం ఒకటి ఎప్పుడూ చూడలేదు. క్లచ్ సెట్టుతో వచ్చే ప్లాస్టిక్ పుల్ల సరిగ్గా దూరింది కాబట్టి అంతా బాగున్నట్టే అనుకోవద్దు. అది క్లచ్ ప్లేటుని మధ్యలో పెడుతుంది తప్ప బెల్ హౌసింగ్ గురించి ఏమీ చెప్పదు.

కొలిచే పద్ధతి ఇది. క్లచ్ ఇంకా పెట్టకండి. బ్లాక్ ప్లేటు పెట్టి, బెల్ హౌసింగ్ బోల్టులన్నీ పూర్తిగా బిగించండి. బ్లాక్ ప్లేటు లేకుండా కొలిస్తే ఆ కొలత చెత్తబుట్టకే. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేస్తే ఇంజన్ చేత్తో సులువుగా తిరుగుతుంది. గేజ్ స్టాండుని ఫ్లైవీల్ మీద అతికించి, ముల్లు కొస రంధ్రం లోపలి గోడకి ఆనేలా పెట్టండి. రంధ్రాన్ని వెనక నుంచి చూస్తూ గడియారం అనుకోండి. 12 దగ్గర సున్నా పెట్టి, ముందు నుంచి ఒకరు క్రాంక్ తిప్పుతుంటే 3, 6, 9 దగ్గర ఎంత చూపించిందో కాగితం మీద రాయండి. తిరిగి 12కి వచ్చేసరికి మళ్లీ సున్నానే రావాలి. రాకపోతే స్టాండు కదిలిందన్నమాట, మళ్లీ మొదటి నుంచి.

నేను చేసిన మూడో కారులో వచ్చిన లెక్క చెప్తాను. 12 దగ్గర 0, 3 దగ్గర ప్లస్ 8, 6 దగ్గర 1, 9 దగ్గర మైనస్ 8. ఇవి అంగుళంలో వెయ్యో వంతులు, థౌ అంటాం. ఆ చివరికీ ఈ చివరికీ తేడా 16. అసలు పక్కకి జరిగింది అందులో సగం, అంటే 8 థౌ. ఈ సగం చెయ్యడం మర్చిపోయి రెట్టింపు సైజు పిన్నులు కొన్నవాళ్లని చూశాను. ప్లస్ చూపించిన వైపు గోడ క్రాంక్‌కి దగ్గరగా ఉన్నట్టు. కాబట్టి బెల్ హౌసింగ్‌ని ఆ వైపుకే, అంటే 3 వైపుకే జరపాలి. చాలామంది ఇక్కడ తిరగేసి చేస్తారు. అప్పుడు తప్పు పోకపోగా పెరుగుతుంది.

జరపడానికి, బెల్ హౌసింగ్‌ని దాని చోట నిలబెట్టే, బ్లాకులో ఉన్న రెండు డోవెల్ పిన్నులు పీకేసి, మధ్యగీత తప్పించి చేసిన ఆఫ్‌సెట్ పిన్నులు పెట్టాలి. 7, 14, 21 థౌ సైజుల్లో దొరుకుతాయి. నాకు 7 సరిపోయింది. రెండు పిన్నులూ ఒకేవైపు చూడాలి, ఒకటి ఇటూ ఒకటి అటూ ఉంటే బెల్ హౌసింగ్ కూర్చోనే కూర్చోదు. పెట్టాక బోల్టులన్నీ బిగించి మళ్లీ కొలవండి. మొత్తం తేడా 5 థౌ లోపు వచ్చేదాకా నేను లేవను. 10 దాకా పర్లేదు అనేవాళ్లున్నారు, వాళ్ల గేర్‌బాక్స్ వాళ్లిష్టం. మొదటిసారి నాకు దీనికే ఆదివారం మొత్తం పట్టింది, భోజనం కూడా గరాజ్‌లోకే వచ్చింది.

ఎక్కించడం

క్లచ్ బిగించాక గేర్‌బాక్స్ చేత్తో నెడితే జారి పూర్తిగా లోపలికి పోవాలి. పావు అంగుళం ఖాళీ మిగిలిందని బోల్టులతో లాగి బిగించకండి, గేర్‌బాక్స్ చెవి విరుగుతుంది. బయటికి లాగి క్లచ్ ప్లేటుని మళ్లీ మధ్యకి తెచ్చుకోండి. డ్రైవ్‌షాఫ్టు పొడవు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే కొలవాలి. ఆటోమేటిక్ కారు కాబట్టి వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి 2.80 ఉండొచ్చు. అలా ఉంటే ఐదో గేరు ఊళ్లో పనికిరాదు, 3.25కి మార్చుకోండి.

ఆయిల్ విషయంలో మనవాళ్లు తప్పకుండా పొరపాటు చేస్తారు. గేర్‌బాక్స్ కదా అని చిక్కటి గేర్ ఆయిల్ పోస్తారు. ఈ టి-5కి పోయాల్సింది ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలే, 2.8 క్వార్టులు. కొత్త క్లచ్‌తో మొదటి 500 మైళ్లు ఊళ్లోనే నడపండి.

చివరిగా వైరింగ్. సి-4కి పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్ట్ అవ్వనిచ్చే స్విచ్ ఉండేది. దాని రెండు వైర్లు కలిపేస్తే కారు స్టార్ట్ అవుతుంది, అందరూ అక్కడితో వదిలేస్తారు. ఆ రెండు వైర్లనీ క్లచ్ పెడల్ దగ్గర పెట్టిన స్విచ్‌కి కలపండి, క్లచ్ తొక్కితేనే స్టార్టర్ తిరుగుతుంది. నేను తర్వాత పెడదాంలే అనుకున్నాను. మూడో రోజు మొదటి గేరులో ఉందని చూసుకోకుండా తాళం తిప్పాను. పచ్చళ్లు పెట్టే రెండో ఫ్రిజ్ మా గరాజ్‌లోనే ఉంటుంది. దాని తలుపు మీద బంపర్ సొట్ట ఇప్పటికీ అలాగే ఉంది.