ఎంసెట్ ఫారం నింపే ముందు: తెలంగాణ ఎప్‌సెట్ దరఖాస్తు నుంచి సీటు దాకా

ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష పేరు మారినా మన ఇళ్లలో ఇప్పటికీ అది ఎంసెట్టే. మెడికల్ సీట్లు నీట్‌కు వెళ్లిపోయాక పేరులో మెడికల్‌ను సూచించే 'ఎం'కు పని లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్ 2021లో, తెలంగాణ 2024లో పేరును ఎప్‌సెట్‌గా మార్చాయి. ఇక్కడ చెప్పేదంతా తెలంగాణ ఎప్‌సెట్ గురించే, అందులోనూ ఎక్కువగా ఇంజినీరింగ్ గురించి. ఆంధ్రలో ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, తెలంగాణలో దాన్ని ఎత్తేశారు. అందుకే పక్క రాష్ట్రం వీడియో చూసి మన లెక్కలు వేసుకోవద్దు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మనం చేసుకోవాల్సిన దరఖాస్తులు రెండు. ఒకటి పరీక్షకు. ఉన్నత విద్యామండలి తరఫున జేఎన్‌టీయూ హైదరాబాద్ ఈ పరీక్ష పెడుతుంది. రెండోది సీటుకు, అంటే కౌన్సెలింగ్‌కు. దాన్ని సాంకేతిక విద్యాశాఖ చూస్తుంది. రెంటికీ వెబ్‌సైట్లు వేరు, ఫీజులు వేరు. ర్యాంకు వచ్చింది కదా, ఇక కాలేజీవాళ్లే పిలుస్తారని ఇంట్లో కూర్చుంటే సీటు రాదు. ఫోన్లు వస్తాయి, కాదనను. అవి మేనేజ్‌మెంట్ కోటా సీట్లు, అంటే కాలేజీ తనే నింపుకునే సీట్లు అమ్ముకోవడానికి.

పరీక్ష నోటిఫికేషన్ సాధారణంగా ఫిబ్రవరిలో వస్తుంది. ఇందులో ముందు ఫీజు కట్టాలి, ఆ తర్వాతే ఫారం తెరుచుకుంటుంది. 2025లో ఇంజినీరింగ్‌కు 900 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 500. గడువు దాటాక లేట్ ఫీజు 250తో మొదలై 5,000 దాకా పోయింది. ఫీజు కట్టేటప్పుడు ఇంటర్ హాల్ టికెట్ నంబరు, పేరు, పుట్టిన తేదీ, కేటగిరీ, మొబైల్ నంబరు అడుగుతారు. పేరు పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే, ఇంటిపేరు ముందున్నా వెనకున్నా అక్షరం మార్చకుండా కొట్టాలి.

మొబైల్ నంబరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మా అక్క కొడుకు ఫారం నెట్ సెంటర్‌లో నింపించాం. రద్దీగా ఉంది, సెంటర్ నడిపే అబ్బాయి చకచకా కొట్టుకుంటూ పోయి నంబరు గడిలో తన నంబరే వేసేశాడు. మేమూ చూసుకోలేదు. ఆ తర్వాత ఓటీపీ కావాల్సి వచ్చిన ప్రతిసారీ వాణ్ని వెతుక్కుంటూ వెళ్లడమే. ఒకసారి షాపు మూసి పెళ్లికి పోయాడు, మాకు సాయంత్రం దాకా టెన్షన్. సబ్మిట్ నొక్కే ముందు స్క్రీన్ మన వైపు తిప్పించుకుని ప్రతి గడీ పైకి చదవాలి. సవరణలకు అవకాశం ఇస్తారు కానీ పేరు, పుట్టిన తేదీ, ఫోటో, మొబైల్ నంబరు లాంటివి మన చేతిలో ఉండవు. ఆధారాలు జతచేసి కన్వీనర్‌కు ఈమెయిల్ పంపాలి.

పరీక్ష కంప్యూటర్‌పై, మూడు గంటలు, 160 ప్రశ్నలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలొద్దు. అర్హతకు 40 మార్కులు రావాలి, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం లేదు. ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు తీయరు. వెయిటేజీ లేదు కదా అని ఇంటర్‌ను గాలికి వదిలేసేవాళ్లున్నారు. కానీ గ్రూప్ సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం లేకపోతే ఎంత మంచి ర్యాంకైనా సీటుకు పనికిరాదు.

ర్యాంకు వచ్చాక రెండో దరఖాస్తు. ప్రాసెసింగ్ ఫీజు కట్టి, స్లాట్ బుక్ చేసుకుని, హెల్ప్‌లైన్ సెంటర్‌లో సర్టిఫికెట్లు చూపించాలి. పరిగెత్తించేది ఇదే. పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, ఆధార్ ఇంట్లోనే ఉంటాయి. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు మాత్రం మూడు స్కూళ్లు మారిన పిల్లలకు మూడు ఊళ్ల పని. లోకల్ హోదా తేలేది వాటితోనే, 85 శాతం సీట్లు లోకల్‌వాళ్లవే. వేసవి సెలవుల్లో స్కూలు ఆఫీసు తాళం వేసి ఉంటుంది, అందుకే వీటిని మార్చిలోనే తెచ్చిపెట్టుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు (ప్రభుత్వం ఫీజు కట్టే పథకానికి) కావాల్సిన ఆదాయ సర్టిఫికెట్ మాత్రం కొత్తదే ఉండాలి. మీసేవలో పెట్టాక తహసీల్దార్ ఆఫీసు నుంచి రావడానికి కొన్ని రోజులు పడుతుంది.

ఇక వెబ్ ఆప్షన్లు, అంటే మనకు కావాల్సిన కాలేజీలను, బ్రాంచీలను ఇష్టం వరుసలో ఆన్‌లైన్‌లో పెట్టుకునే జాబితా. నా ర్యాంకుకు ఆ కాలేజీ రాదులే, పైన పెడితే ఆప్షన్ వేస్టవుతుంది అంటారు. అలాంటిదేమీ లేదు. ర్యాంకుల వరుసలో మీ వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ జాబితాను పై నుంచి కిందికి చదువుతుంది. మొదటి దాంట్లో సీటు లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఆగుతుంది. రాని కాలేజీని పైన పెడితే పోయేదేమీ లేదు, ఇష్టమైనదాన్ని కింద పెడితేనే నష్టం. అందుకని పది ఆప్షన్లతో సరిపెట్టకుండా, కచ్చితంగా వస్తాయనుకునేవి కూడా చివర్లో ఎక్కువగానే పెట్టండి. వెళ్లడానికి ఇష్టంలేని కాలేజీని మాత్రం అసలు పెట్టొద్దు. 2025 కౌన్సెలింగ్‌లో ముందుగా మాక్ అలాట్‌మెంట్, అంటే ఏ సీటు రావచ్చో చూపే నమూనా కేటాయింపు ఇచ్చారు. అది చూసుకుని ఆప్షన్లు మార్చుకునే వీలిచ్చారు.

సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి (సీటు తీసుకుంటున్నామని వెబ్‌సైట్‌లోనే తెలపాలి), లేదంటే సీటు రద్దవుతుంది. తర్వాతి విడతలో ఇంకా మంచిది చూద్దామని మళ్లీ ఆప్షన్లు పెట్టేవాళ్లు, చేతిలో ఉన్న సీటుకన్నా మంచివి మాత్రమే పెట్టాలి. కొత్త సీటు వచ్చిన క్షణమే పాతది ఇంకొకరికి వెళ్లిపోతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు.