సెలవులు అయిపోయాక అప్పు ఎందుకు పెరుగుతోంది? సమస్య - పరిష్కారం

నల్లగొండ, పాలమూరు వైపు ఏప్రిల్ నాలుగో వారంలో బడులు మూస్తే మళ్లీ తెరిచేది జూన్ 12 దగ్గర. అప్పు ఉన్న ఇంట్లో ఆ యాభై రోజుల ఖర్చుకు నింద ఎప్పుడూ టూరు మీదనే పడుతుంది. కాగితం మీద లెక్క రాస్తే టూరుది చిన్న వాటాగానే కనిపిస్తుంది. పైసలు జారేది వేరే చోట్ల. మీ ఇంట్లో కనిపిస్తున్న లక్షణం కింద ఎక్కడుందో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

సమస్య: జూన్ మొదటి వారానికి చేతిలో ఏమీ మిగలదు, మళ్లీ చేబదులు

మే నెలలో చేతికొచ్చిన పైసలు మే నెలవి కావు. యాసంగి వడ్లు అమ్మిన సొమ్మైనా, జీతమైనా, అందులో పెద్ద భాగం జూన్‌కు బాకీ ఉన్నదే. సెలవుల్లో అది కనబడదు కాబట్టి అంతా మనదే అనిపిస్తుంది. జూన్‌లో ఫీజు మొదటి విడత, పుస్తకాలు, బూట్లు, బడి ఆటో ఒకేసారి మీద పడతాయి. పత్తి పెట్టేవాళ్లకు విత్తనాలు, ఎరువులు కూడా అప్పుడే. మూడెకరాల పత్తికి ఎకరాకు రెండు పాకెట్ల చొప్పున ఆరు పాకెట్లు. 2025లో బీజీ-2 పాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు, అంటే 5,406. డీఏపీ మూడు బస్తాలు 1,350 చొప్పున 4,050. దుక్కి, కూలీలు కలపకముందే తొమ్మిదిన్నర వేలు.

ఏం చేయాలంటే, ఎక్కడికి పోవాలన్న మాట ఎత్తక ముందే ఏప్రిల్‌లో జూన్ పద్దు రాయండి. పోయిన ఏడాది రసీదులు, ఫోన్‌పే హిస్టరీ ముందు పెట్టుకుని రాయాలి. నోటి లెక్కలో బూట్లు, బ్యాగులు ఎప్పుడూ తప్పిపోతాయి. ఆ తర్వాత లెక్క ఇట్లా: చేతిలో ఉన్న మొత్తంలోంచి జూన్ పద్దు తీసేయాలి, మే, జూన్ రెండు నెలల కిస్తీలు తీసేయాలి. మిగిలిన దాంట్లో సగం అప్పు అసలుకు, సగం సెలవులకు. ఉదాహరణకు 60,000 ఉంది, జూన్ పద్దు 34,000, కిస్తీలు నెలకు 7,000 చొప్పున 14,000. మిగిలేది 12,000, సెలవులకు 6,000. లెక్క మైనస్‌లోకి పోతే ఆ ఏడాది రాత్రి బస ఉన్న ప్రయాణాలు వద్దు, పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరేవే పెట్టుకోండి.

ఇంకొక మాట. కొనుగోలు కేంద్రంలో వడ్లు కాంటా అయినంత మాత్రాన పైసలు వచ్చినట్టు కాదు. ఖాతాలో పడ్డాకే ప్రయాణం తేదీ పెట్టుకోవాలి. రైతు భరోసాకూ ఇదే సూత్రం. రాబోయే సొమ్మును నమ్ముకుని కొన్న టికెట్టే చాలా ఇళ్లలో మొదటి చేబదులు అవుతుంది.

సమస్య: పదిహేను వేల టూరు, ఏడాదైనా తీరలేదు

కారణం మిత్తి. నూటికి మూడు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది గానీ అది ఏడాదికి 36 శాతం. పదిహేను వేలకు నెలకు 450, ఏడాదికి 5,400, అసలు అట్లాగే ఉంటుంది. క్రెడిట్ కార్డు కూడా ఇంచుమించు ఇదే దారి. బిల్లు 30,000 ఉంటే కనీస మొత్తం అని 5 శాతం, అంటే 1,500 కడతారు. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 1,050, దాని మీద 18 శాతం జీఎస్టీ 189. కట్టిన 1,500లో అప్పు తగ్గింది 261 రూపాయలే.

మీ అప్పులన్నీ నూటికి నెలకు ఎంత అన్న ఒకే లెక్కలోకి మార్చి, ఎక్కువ మిత్తిది పైన వచ్చేట్టు రాసుకోండి. మూడు రూపాయలది పైన, బ్యాంకు బంగారం లోను, మహిళా సంఘం లోను కింద ఉంటాయి. అన్నింటికీ కిస్తీ ఆపకుండా కడుతూ, అదనంగా ఉన్న పైసలన్నీ పైదానికే పెట్టాలి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి మూడు రూపాయల అప్పు తీర్చడం లాభమే, అక్కడ మిత్తి దాదాపు రూపాయికి అటూ ఇటూ ఉంటుంది. కానీ చాలామంది చేసే పొరపాటు, తీర్చాల్సిన దానికన్నా ఇంకో ఇరవై వేలు ఎక్కువ తీసుకుని దాంతో టూరు పోవడం. ఏడాదికి మిత్తి మాత్రమే కట్టి తిరగరాయిస్తూ పోతే నగ ఇంటికి రాదు. టూరు కోసం చిట్టీ పాట పాడి ఎత్తడం కూడా అప్పు కిందకే వస్తుంది: పాటలో పోగొట్టుకున్నదే దాని మిత్తి.

రెండు రూపాయలకు మించిన అప్పు ఒక్కటి ఉన్నా, టూరుకు కొత్త అప్పు వద్దు. ఈ విషయంలో సర్దుబాటు లేదు.

సమస్య: ఊరికి పోయినప్పుడే ఈఎంఐ బౌన్స్ అయింది

కిస్తీ కట్ అయ్యే ఖాతా, ఫోన్‌పేకు కలిపిన ఖాతా ఒకటే కావడం వల్ల. దారిలో కొబ్బరిబోండాలు, ఐస్‌క్రీములు, ఆటో అన్నీ స్కాన్ చేసుకుంటూ పోతే ఐదో తారీఖుకు బ్యాలెన్స్ రెండు వందలు తక్కువ పడుతుంది. అటు బ్యాంకు, ఇటు ఫైనాన్స్ కంపెనీ ఇద్దరూ చార్జీ వేస్తారు, సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. కిస్తీలకు వేరే ఖాతా పెట్టి, దాన్ని ఏ యూపీఐ యాప్‌కూ కలపకండి. ప్రయాణం పైసలు నోట్లుగా తీసి, రోజుకొక కవరు చేయండి. సంఘం సమావేశం రోజు మీరు ఊళ్లో లేకపోతే వాయిదా ముందే లీడర్‌కు ఇచ్చి పుస్తకంలో రాయించుకోండి. వడ్డీ లేని రుణం లాభం రావాలంటే వాయిదా తప్పకూడదు.

సమస్య: ఫ్రీ బస్సే కదా అని బయల్దేరితే టికెట్లకే రెండు వేలు

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి ఉంది. ఆడవాళ్లకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే జీరో టికెట్. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే అందరికీ పూర్తి చార్జీ. సెలవుల రద్దీలో ఏది ముందొస్తే అది ఎక్కడం వల్లే జేబుకు చిల్లు పడుతుంది. రెండో కారణం సరిహద్దు: శ్రీశైలం, మాచర్ల, కర్నూలు వైపు పోయేవాళ్లకు తెలంగాణ హద్దు దాకే ఉచితం, అవతల టికెట్ కొనాలి. మూడోది ఆధార్. తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ కార్డు దగ్గర పెట్టుకోండి. పాత అడ్రసుతో ఉంటే సెలవులకు ముందే మార్పించండి.

భార్యాభర్తలు, పదేళ్ల ఆడపిల్ల, ఎనిమిదేళ్ల మగపిల్లాడు ఉన్న ఇంటికి ఎక్స్‌ప్రెస్‌లో పడేది తండ్రికి ఒక ఫుల్ టికెట్, పిల్లాడికి ఒక హాఫ్, అంతే. ఐదు నుంచి పన్నెండేళ్ల దాకా హాఫ్, ఐదేళ్ల లోపు ఉచితం. అందుకని హద్దు లోపలి చోట్లు చూసుకోండి. నల్లగొండ వాళ్లకు నాగార్జునసాగర్, అక్కడే బుద్ధవనం. ఊరి పక్కనే పానగల్లులో పచ్చల సోమేశ్వరం, ఛాయా సోమేశ్వరం. పాలమూరు వాళ్లకు పిల్లలమర్రి, గద్వాల కోట, అలంపురం. అలంపురం పోవాలంటే కర్నూలు దాకా పోకుండా అలంపురం చౌరస్తాలో దిగి ఆటో ఎక్కండి. నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ గుడి ఒక్క పూటలో చూడొచ్చు.

శ్రీశైలమే పోతామంటే ఒక జాగ్రత్త: అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. సొంత బండి మీద ఆలస్యంగా బయల్దేరిన వాళ్లు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయి, లెక్కలో లేని లాడ్జి ఖర్చు పెట్టుకుంటారు.

సమస్య: పైసలు పెట్టి పోయినా పిల్లలకు ఏమీ నచ్చలేదు

చూడటానికి పోయింది అక్కడ లేకపోవడమే కారణం. సాగర్ గేట్లు ఎత్తేది వానలు పడి, పై నుంచి వరద వచ్చాక, ఆగస్టు అటూ ఇటూ. మల్లెలతీర్థం కూడా వానాకాలం చోటే, మేలో బండలే మిగులుతాయి. నీళ్ల కోసం పోయేవాళ్లు దసరా సెలవులకు వాయిదా వేసుకోవాలి. నాగార్జునకొండ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, లాంచీకి టికెట్ కొనేముందు వారం చూసుకోండి.

ఎండ కూడా ఖర్చే. పదకొండు దాటితే నడవలేక ఆటో, దాహానికి కూల్‌డ్రింకు, నీడకు హోటల్. మొదటి బస్సు పట్టుకుని, ఎండ ముదిరే లోపల చూడాల్సింది చూసేయండి. నలుగురికి ఎనిమిది లీటర్ల నీళ్లు, పులిహోర, సర్వపిండి, కారప్పూస ఇంటి నుంచే. పెరుగన్నం మాత్రం మధ్యాహ్నానికి పులుస్తుంది. పాలు పోసి కొద్దిగా తోడేసి కలిపితే తినే వేళకు సరిగ్గా ఉంటుంది.

సమస్య: తిరుపతి మొక్కు తీర్చాలి, టికెట్లు దొరకవు

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. నల్లగొండ మీదుగా నారాయణాద్రి, మహబూబ్‌నగర్ మీదుగా వెంకటాద్రి. స్లీపర్ చాలు. ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు బెర్త్ అడిగితే ఫుల్ చార్జీ, వద్దంటే సగం. ఇద్దరు పిల్లలుంటే ఒక బెర్త్ తీసుకోవడం మేలు. 300 రూపాయల దర్శనం టికెట్లు మే నెలవి ఫిబ్రవరిలోనే విడుదలవుతాయి, పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. దొరక్కపోతే దళారుల జోలికి పోకుండా సర్వదర్శనానికి పోండి, కొండ మీద అన్నప్రసాదం ఎట్లాగూ ఉచితమే.

సమస్య: అమ్మమ్మోళ్ల ఊరికే పోయినం, అయినా పది వేలు పాయె

ప్రయాణం సంగతి పక్కన పెడితే, ఇక్కడ పోయేది పెట్టిపోతలకు. మే అంటే పెండ్లిళ్లు. ఒక్కో కార్డుకు కట్నం, బట్టలు, మళ్లీ బస్సు. వచ్చిన కార్డులన్నీ వరసగా రాసి, తప్పనిసరి వాటికి మీకు వాళ్లు పెట్టినంతే పెట్టండి, మిగతా వాటికి ఇంట్లో ఒక్కరే పోయి వస్తే చాలు. పిల్లలను పదిహేను రోజులు అక్కడ వదిలితే వాళ్ల తిండికి మీరు బియ్యం, పప్పు, నూనె తీసుకపోవడం పైసలు ఇవ్వడం కన్నా నయం. పైసలంటే అత్తగారు తీసుకోరు, బస్తా అయితే కాదనరు.

సమస్య: మార్చి దాకా జీరో బిల్లు, మేలో పదకొండు వందలు

గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా మొత్తం బిల్లు మీరే కట్టాలి. 2022 టారిఫ్ ప్రకారం 210 యూనిట్లకు మొదటి 200కు 5.10 చొప్పున 1,020, మిగతా పదికి 7.70 చొప్పున 77, మొత్తం 1,097. ఫిక్స్‌డ్ చార్జీలు దాని మీద వేరే. పిల్లలు ఇంట్లో ఉంటే కూలర్ పగలంతా తిరుగుతుంది: 200 వాట్లది పది గంటలకు రెండు యూనిట్లు, నెలకు 60. ఏసీ ఆరు గంటలకు ఎనిమిది దాకా లాగుతుంది, నెలకు 240, ఇక జీరో బిల్లు మాట మరిచిపోవాల్సిందే. రీడింగ్ తీసే తేదీ పాత బిల్లు మీద చూసి, ఆదివారం ఆదివారం మీటరు ఫొటో తీసుకోండి. వారానికి 45 దాటుతుంటే అమ్మమ్మోళ్ల ఊరి ప్రయాణాన్ని ఆ రీడింగ్ తేదీకి ముందున్న పది రోజుల్లోకి జరపండి. పోయేటప్పుడు ఫ్రిజ్ ఖాళీ చేసి మెయిన్ ఆపితే ఆ పది రోజులు మీటరు తిరగదు.